జ్ఞానమణి గారింటి ఎంక్వైరీ

ఆవిడ పేరు జ్ఞానమణి. ముప్పై నాలుగేళ్ళ నా సర్కారు ఉద్యోగంలో నన్ను తిట్టినవాళ్ళు బోలెడుమంది. చొక్కా పట్టుకున్నవాళ్ళున్నారు, ఆఫీసు గేటు దగ్గర నిలబడి నా మీద దుమ్మెత్తి పోసినవాళ్ళున్నారు. వాళ్ళ మొహాలు ఒక్కటీ గుర్తు లేదు. నన్ను పల్లెత్తు మాట అనని ఈ ఒక్క మనిషి మాత్రం పొద్దున్నే గడ్డం గీసుకుంటుంటే గుర్తొస్తుంది. ఆవిడ గురించి రాస్తే నా పరువే పోతుందని మా ఆవిడ గంగాదేవి గోల. పోతే పోనీ. అరవై ఆరేళ్ళు వచ్చాక పరువు దాచుకుని ఏం చేసుకుంటాను?

నా పేరు వరహాలబాబు. మాది అనకాపల్లి దగ్గర పల్లె. గుమాస్తా ఉద్యోగం మీద హైదరాబాదు వచ్చి, ఈ ఆఫీసూ ఆ ఆఫీసూ తిరిగి, 2001లో సికిందరాబాదులో పేదలకు ఇళ్ళిచ్చే ఒక పథకంలో ఎంక్వైరీ పని మీద పడ్డాను. చేతిలో ఫారాలు, చంకలో గొడుగు, బస్తీలోకి అడుగుపెడితే జనం లేచి నిలబడడం. ఊళ్ళో మా నాన్నని చూసి కుక్క కూడా లేచేది కాదు. నాకు తల తిరిగిపోయింది.

ముందు పథకం సంగతి చెప్పాలి. మల్కాజ్‌గిరి అవతల నూట ఎనభై ఇళ్ళు కడుతున్నారు. ఒక్కోటి ఒక గది, వంటిల్లు, బాత్రూము. దరఖాస్తులు పదకొండు వందలు వచ్చాయి. దరఖాస్తు పెట్టినవాళ్ళకి నంబరు వేసి రసీదు ఇస్తాం. తర్వాత నాలాంటివాడు ఇంటికెళ్ళి, నిజంగా లేనివాళ్ళా కాదా అని చూసి రాస్తాడు. అర్హులు అని రాసినవాళ్ళ పేర్లు ఆఫీసు బోర్డు మీద పెడతారు. పేరు లేనివాళ్ళు ముప్పై రోజుల్లో అర్జీ ఇచ్చుకోవచ్చు. ఆ గడువు దాటి, ఇళ్ళ పని పూర్తయ్యాక అర్హుల పేర్లన్నీ డబ్బాలో వేసి డ్రా తీస్తారు. చీటీ తగిలితే ఇల్లు. తగలనివాడు వెయిటింగ్ లిస్టులో ఉంటాడు, తర్వాతి విడతలో ముందు వాడికే ఇస్తారు. అంటే వెయిటింగ్‌లో ఉండాలన్నా ముందు అర్హుడై ఉండాలి. అనర్హుడికి వెయిటింగూ లేదు, మరోటీ లేదు. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి, నా తప్పంతా ఇందులోనే ఉంది.

మా సూపరింటెండెంటు రామభద్రరావు గారు నన్ను పిలిచి, అందర్నీ డ్రాలోకి పంపిస్తే హాల్లో కొట్టుకు చస్తారు, జల్లెడ గట్టిగా పట్టు అన్నారు. ఆయన అన్నది అంతే. దానికి నేను నా సొంత తెలివి కలిపాను. నిజంగా లేనివాడు ఏడుస్తాడు, కాళ్ళు పట్టుకుంటాడు, ఖాళీ డబ్బాలు మూతలు తీసి చూపిస్తాడు. ఏడవనివాడికి ఎక్కడో ఉంది. ఇదీ నేను పెట్టుకున్న కొలత. పేనుకు పెత్తనమిస్తే తలంతా గొరిగిందట. ఆ పేను నేనే.

లాలాగూడ రైల్వే గోడ వెనక ఒక చిన్న బస్తీ ఉండేది. ఒకే సందు, రెండు వైపులా రేకుల ఇళ్ళు. మొదటి రోజు ఎడమ వైపు, రెండో రోజు కుడి వైపు చూడాలని పెట్టుకున్నాను. ఎడమ వైపు చివరి గది జ్ఞానమణిది. అప్పటికి ఆవిడకి యాభై దాటి ఉంటాయి. సన్నగా, పొడుగ్గా, ఇస్త్రీ చేసిన లేత నీలం చీరలో గుమ్మంలో నిలబడి ఉంది. పక్కన ఇంటర్ చదివే కూతురు దేవకృప.

ఆ గదిలోకి అడుగు పెట్టగానే నాకు కాలు పెట్టడానికి చోటు వెతుక్కోవాల్సి వచ్చింది. పది అడుగుల గదిలో మూడు సీట్ల సోఫా, దాని మీద కుట్టుపని చేసిన తెల్ల గుడ్డ, ఒక టీవీ, మూలన ఫ్రిజ్, ట్రంకు పెట్టె మీద గోడకి ఆనించి పెట్టిన పెద్ద గడియారం. గోడలకి కొత్త సున్నం వాసన ఇంకా పోలేదు. ఓహో అనుకున్నాను. ఫ్రిజ్ తీగ చుట్ట చుట్టి దారంతో కట్టేసి ఉంది. ఆ గదిలో ఫ్రిజ్ పెట్టుకోవడానికి ప్లగ్గే లేదు. గోడ గడియారం గోడకి ఎందుకు లేదని కూడా నాకు తోచలేదు. కరెంటు ఆదా చేస్తున్నారు గామోసు, కలిగినవాళ్ళకే పిసినారితనం ఎక్కువ అనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

నన్ను సోఫాలో కూర్చోబెట్టి, కప్పూ సాసర్‌లో టీ ఇచ్చి, పళ్ళెం నిండా గులాబీ పువ్వులు తెచ్చి పెట్టింది. పువ్వులంటే పువ్వులు కావు. మైదా, గుడ్డు, చక్కెర కలిపి అచ్చుతో నూనెలో వేసే పిండివంట. వాళ్ళు క్రిస్మస్‌కి చేసుకుంటారు. జూలై నెలలో, నా కోసం చేసింది. తినేముందు చిన్న ప్రార్థన చేసుకుంటాం సార్, మీకు ఇబ్బంది లేదు కదా అని అడిగింది. నేను బుర్ర వంచి కూర్చున్నాను. ఇంటికొచ్చిన ఈ అయ్యగారికి ఆరోగ్యం ఇవ్వమని, వాళ్ళ ఇంటివాళ్ళని చల్లగా చూడమని అడిగింది. ఇల్లు ఇప్పించమని ఒక్క మాట అడుగుతుందేమో అని చెవి ఒగ్గి విన్నాను. అడగలేదు.

ప్రశ్నలకి మర్యాదగా జవాబులు చెప్పింది. తండ్రి తెనాలి వైపు నుంచి ఒక మిషనరీ దొరగారి వంటమనిషిగా వచ్చాడు. ఆవిడ మిషన్ స్కూల్లో ఏడో తరగతి దాకా చదివి, పంతొమ్మిదో ఏట అదే స్కూల్లో ఆయాగా చేరింది. భర్త యెషయా రైల్వే వర్క్‌షాపులో తాత్కాలిక ఖలాసీ. పర్మనెంటు కాకముందే పోయాడు, కాబట్టి క్వార్టరూ లేదు, పెన్షనూ లేదు. ఇరవై ఆరేళ్ళలో తొమ్మిది గదులు మారారు. ఇళ్ళకి ఇంతకుముందు రెండుసార్లు దరఖాస్తు పెట్టుకుంది. ఒకసారి అధికారులు మారారని, ఒకసారి పథకమే మారిందని పాత నంబర్లు కొట్టేశారు. ఆ రసీదులన్నీ ఒక పాత ప్రోగ్రెస్ కార్డు అట్టలో పెట్టి ఉంచింది. అయినా కన్నీళ్ళు పెట్టుకోలేదు. సొంత ఇల్లయితే ఏం చేస్తావమ్మా అని ఊరికే అడిగాను. "మేకు కొట్టుకుంటా సార్. ఏ ఓనరూ గోడకి మేకు కొట్టనీయడు" అంది, నవ్వుతూ.

నేనూ నవ్వాను. నాలుగు గులాబీ పువ్వులు తిన్నాను. మిగిలినవి కాగితంలో పొట్లం కట్టి ఇస్తే వద్దనకుండా సంచీలో వేసుకున్నాను. ఇంటికెళ్ళి, ఆ సాయంత్రం ఫారాలు ముందేసుకుని, ఆ పొట్లం విప్పుకుని తింటూ రాశాను. సోఫా, టీవీ, ఫ్రిజ్, గోడ గడియారం కలవు, స్థితిమంతులు, అనర్హులు. గంగాదేవి ఒకటి నోట్లో వేసుకుని, "ఏటండీ, ఎవరింట్లోవి? బలే కరకరలాడుతున్నాయి" అంది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అంటారే, దానికి నాకంటే మంచి ఉదాహరణ ఎవరూ దొరకరు.

మర్నాడు పొద్దున్నే ఆ ఫారాలు రామభద్రరావు గారి బల్ల మీద పెట్టాను. ఆయన తిరగేసి, సెక్షన్ అంతా వినేటట్టు, బాబు కలం పదునుగా ఉందయ్యా, మీరూ ఉన్నారు ఎందుకూ అన్నారు. అటూ ఇటూ బల్లల దగ్గరవాళ్ళు నా వైపు చూశారు. నాకు ఒళ్ళు పొంగింది. అక్కడికక్కడే సంతకం పెట్టేశారు.

ఆ ఊపులోనే సందు కుడి వైపుకి వెళ్ళాను. జ్ఞానమణి గదికి ఎదురుగా రోసమ్మ ఇల్లు. ఆమె మొగుడు జకర్యా ఆటో నడుపుతాడు, ముగ్గురు పిల్లలు. ఇంట్లో ఒక చాప, రెండు బిందెలు తప్ప ఏమీ లేవు. రోసమ్మ నా కాళ్ళ మీద పడి ఏడ్చింది. డబ్బాల మూతలు తీసి చూపించింది. నా కొలత ప్రకారం అన్నీ సరిపోయాయి. నేల మీద నాలుగు చోట్ల గుండ్రంగా గుంటలు పడి ఉన్నాయి, గోడ మీద ఒక చోట సున్నం తెల్లగా మిగిలి, పైన మేకు ఉంది. చూశాను గానీ చూడలేదు. అర్హులు అని రాశాను.

అన్నీ ముగించుకుని సందు మొదటికి వచ్చేశాక గొడుగు గుర్తొచ్చింది. ముందు రోజు జ్ఞానమణి ఇంట్లో మర్చిపోయాను. వెనక్కి వచ్చేసరికి ఆవిడ గది తలుపు తీసి ఉంది, ఆవిడ లేదు, స్కూలుకి వెళ్ళింది. తాళంచెవి రోసమ్మవాళ్ళకి ఇచ్చి వెళ్ళినట్టుంది. జకర్యా, ఇంకో మనిషీ కలిసి ఫ్రిజ్ మోసుకుంటూ బయటికి వస్తున్నారు. నన్ను చూడగానే జకర్యా ఫ్రిజ్‌ని సందు మధ్యలో దించి నమస్తే పెట్టాడు.

"గిది మాది కాదు సార్" అన్నాడు, నేనేమీ అడక్కుండానే. "మణక్కది. రిపేర్‌కి తీస్కపోతున్నం."

ఫ్రిజ్ మొహం రోసమ్మ గుమ్మం వైపే ఉంది. వాళ్ళ వెనక, జ్ఞానమణి గదిలో, సోఫా ఒక కొస ఎత్తి పెట్టి ఉంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం విన్నాను గానీ అప్పుడే కళ్ళారా చూశాను. జకర్యా లోపలికెళ్ళి నా గొడుగు తెచ్చి రెండు చేతులతో ఇచ్చాడు. తీసుకుని, ఏమీ తెలియనట్టు వచ్చేశాను. రోడ్డెక్కాక ముందు నవ్వొచ్చింది. బస్సు ఎక్కేసరికి నవ్వు పోయింది.

బస్సులో కూర్చుని లెక్క చూసుకుంటే అంతా తేటగా కనబడింది. రోసమ్మ లాంటివాళ్ళకి ఎంక్వైరీ అంటే ఏమిటో తెలుసు. ఇల్లు ఖాళీ చేసి చూపించాలి. జ్ఞానమణి వచ్చి, సారు వస్తున్నారు, కూర్చోబెట్టడానికి రెండు కుర్చీలు ఇస్తారా అని అడిగి ఉంటుంది. వీళ్ళు కుర్చీలేం ఖర్మ, సోఫాయే తీసుకో అక్కా, టీవీ తీసుకో, ఫ్రిజ్ తీసుకో, ఎంక్వైరీ అయ్యేదాకా నీ దగ్గరే ఉండనీ అని ఉంటారు. వాళ్ళ సామాను దాచుకోవడానికి ఆవిడ గది దొరికింది. ఆవిడేమో ఎంత ప్రేమగల ఇరుగుపొరుగు అని మురిసిపోయి ఉంటుంది. రోసమ్మవాళ్ళూ మేడలున్నవాళ్ళు కాదు. కాకపోతే జ్ఞానమణి కంటే ఉన్నవాళ్ళు.

ఆ సాయంత్రమే ఆఫీసుకు వెళ్ళి ఆ ఒక్క ఫారం వెనక్కి అడిగి, పొరపాటు పడ్డాను అని రెండు వాక్యాలు రాస్తే సరిపోయేది. పావుగంట పని. కానీ పొద్దున్నే కదా కలం పదును అనిపించుకున్నాను. ఇప్పుడు వెళ్ళి నా కలం మొద్దు అని ఎలా చెప్పను? ఈ ఒక్కటి తప్పయితే మిగిలినవి ఎన్ని తప్పో, మళ్ళీ అన్నీ తిరగరా అంటే? ఆవిడకి ముప్పై రోజుల గడువుంది, ఆవిడే వచ్చి అడిగితే అప్పుడు అర్జీ రాయించి సరిచేద్దాం అని నాకు నేను చెప్పుకున్నాను. నా సిగ్గు బరువు ఆవిడ నెత్తిన పెట్టాను.

ఆవిడ వచ్చింది. తొమ్మిదో రోజునే వచ్చింది. బోర్డు మీద పేరు వెతుక్కుని, లేకపోయేసరికి నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. అనర్హుల జాబితా బోర్డు మీద పెట్టం, గొడవలవుతాయని లోపల ఫైల్లోనే ఉంచుతాం. అది నా చేతికింద సొరుగులో ఉంది. రామభద్రరావు గారు ఎదురుగా కూర్చుని ఉన్నారు. జ్ఞానమణి మెల్లగా, మా పేరు కనబడలేదు సార్ అంది. నేను తల ఎత్తకుండా ఒక మాట అన్నాను.

"వెయిటింగ్‌లో ఉందమ్మా."

అంతే. నోట్లోంచి ఊడిపడింది. డ్రా కాకముందు వెయిటింగ్ లిస్టే ఉండదు, కానీ ఆవిడకి ఆ మాట పేరు డబ్బాలో పడుతుందన్నట్టే వినబడింది. ఆవిడ మొహం వెలిగిపోయింది. థాంక్స్ సార్ అని వెళ్ళిపోయింది. అనర్హురాలని చెప్పి ఉంటే ఇరవై ఒక్క రోజులుండేవి, అర్జీకి. ఆ ఇరవై ఒక్క రోజులూ ఒక్కొక్కటీ గడిచిపోతుంటే నేను క్యాలెండర్ వైపు చూడలేదు. గడువు దాటిన రోజున మాత్రం తెలిసింది, తెలిసి తలనొప్పిగా ఉందని ఇంటికి తొందరగా వెళ్ళిపోయాను.

ఆ తర్వాత రెండున్నరేళ్ళు ఆవిడ నెలకోసారి వచ్చేది. స్కూలు ఒంటిపూట ఉండే శనివారం, మధ్యాహ్నం, అదే ఇస్త్రీ చీరలో. ఎక్కువసేపు ఉండేది కాదు. మన నంబరు ఎక్కడిదాకా వచ్చింది సార్ అని అడిగేది. నేను వెయిటింగే అనేవాణ్ణి. కొన్నాళ్ళకి ఆవిడ అడక్కముందే అనడం నేర్చుకున్నాను. దొంగకి తేలు కుట్టినట్టు, బయటికి అరవలేక లోపల కూర్చున్నాను. ఆవిడ గుమ్మంలో కనబడగానే టీకి వెళ్ళిపోయిన రోజులూ ఉన్నాయి. వరండా బల్ల మీద కూర్చుని నేను వచ్చేదాకా ఉండేది.

ఒక శనివారం ఏదో మాటల్లో వాళ్ళ స్కూలు సంగతి చెప్పింది. ఇన్‌స్పెక్టరు వస్తున్నాడంటే నెల ముందు నుంచీ గోడలకి సున్నాలు, పిల్లలకి కొత్త రిబ్బన్లు. వాళ్ళ స్కూల్లో గ్లోబు పగిలిపోయింది కాబట్టి పక్క స్కూలు నుంచి ఒక గ్లోబు, రెండు మ్యాపులు తెచ్చి పెడతారట. ఆయన వెళ్ళిపోగానే ఈవిడే రిక్షాలో పెట్టుకుని తిరిగి ఇచ్చి వస్తుంది. మంచి రిపోర్టు వస్తేనే కదా సార్ గ్రాంటు వచ్చేది అంది. ముప్పై ఏళ్ళుగా ఆవిడ చూసిన ఎంక్వైరీ అది. బాగా ఉన్నట్టు కనబడినవాళ్ళకే సర్కారు ఇస్తుంది. మా ఎంక్వైరీ దానికి తలకిందులని ఆవిడకి ఎవరు చెప్పాలి? ఆ రోజున చెప్పడానికి మా ఇద్దరి మధ్యా ఒక బల్ల తప్ప అడ్డం ఏమీ లేదు. అవునమ్మా, అంతే కదా అన్నాను.

ఇక్కడితో ఆగినా నన్ను నేను ఎలాగో క్షమించుకునేవాణ్ణి. ఆగలేదు.

2003లో, ఎండాకాలం సెలవుల ముందు, వేళ కాని వేళ వచ్చింది. మొహంలో సంతోషం, దిగులు రెండూ ఉన్నాయి. స్కూలు హాస్టల్ వెనక ఒక గది ఖాళీ అయిందట. పాత ఆయమ్మ ఊరెళ్ళిపోయింది. అద్దె లేదు, కరెంటు బిల్లు లేదు, గోడలు గట్టివి, ఉద్యోగం ఉన్నంతకాలం ఉండొచ్చు, ఆ తర్వాత కూడా పంపించెయ్యరు, మా స్కూల్లో అలా పంపించరు సార్ అంది. సోమవారం లోపల అవునో కాదో చెప్పాలి. ఆవిడ వెనకే మేబెల్ అని ఇంకో ఆయా ఆ గది కోసం అడుగుతోంది.

"తీసుకుంటే మన లిస్టులో పేరు పోతదా సార్?"

రూలు ఉంది. పని చేసే చోట ఉండడానికి గది ఇస్తే ఇల్లు ఉన్నట్టే లెక్క, జాబితాలోంచి పేరు తీసేస్తారు. ఆవిడ అడిగింది రూలు. నాకు తెలిసింది కూడా రూలే. తీయడానికి అక్కడ పేరే లేదని చెప్పాలంటే, రెండేళ్ళ అబద్ధం అక్కడే, సెక్షన్ మధ్యలో, విప్పి చూపించాలి. నా ప్రమోషన్ కాగితాలు అప్పుడే పైకి వెళ్ళాయి. రామభద్రరావు గారు కళ్ళద్దాల మీంచి చూస్తున్నారు.

"పోతుందమ్మా" అన్నాను.

ఇన్నాళ్ళు ఆగి ఇప్పుడు పోగొట్టుకుంటే ఎట్లా అని తనలో తను అనుకుని, మంచిమాట చెప్పారు సార్ అని నాకు దణ్ణం పెట్టి వెళ్ళింది. ఆ గది మేబెల్‌కి వెళ్ళింది. వర్షాకాలంలో జ్ఞానమణి వాళ్ళ ఓనరు రేకులు మార్చాలని ఖాళీ చేయమన్నాడు. పదో గదికి మారింది. అది ఇంకా చిన్నదని, నీళ్ళకి రెండు సందులు దాటాలని తర్వాతి శనివారం మామూలుగా చెప్పింది. నేను ఆ వారం అన్నం సరిగ్గా తినలేదు. దానివల్ల ఆవిడకి ఏం ఒరిగింది?

డ్రా 2004 జనవరిలో పెట్టారు, తిరుమలగిరిలో ఒక ఫంక్షన్ హాల్లో. పొద్దున పదింటికి అంటే ఎనిమిదింటికే జనం నిండిపోయారు. స్టేజి మీద గుండ్రంగా తిరిగే డబ్బా, పక్కన మైకు. చీటీ తీయడం ఒక పెద్దాయన, చదవడం నేను. మొదటి వరసలో జ్ఞానమణి, పక్కన దేవకృప. చర్చికి కట్టుకునే తెల్ల చీర కట్టుకుంది. రెండో వరసలో రోసమ్మ, జకర్యా, పిల్లలు. ఒక్కో పేరు చదువుతుంటే హాల్లో కేకలు, ఏడుపులు. ప్రతి చీటీ విప్పేముందు జ్ఞానమణి కొంచెం ముందుకి వంగేది. పేరు విన్నాక మళ్ళీ వెనక్కి ఆనుకునేది. నూట ఎనభై సార్లు వంగింది. నేను కాగితం మీంచి కళ్ళు ఎత్తకూడదనుకున్నాను గానీ ప్రతిసారీ అటే పోయాయి.

నలభై ఒకటో ఇల్లు రోసమ్మకి తగిలింది. జ్ఞానమణి లేచి వెనక్కి తిరిగి రోసమ్మని గట్టిగా కౌగలించుకుంది. ఆమె సంతోషం నిజం. ఆ మాట మాత్రం నేను ఎక్కడైనా ఒట్టేసి చెప్తాను.

అంతా అయిపోయాక జనం పల్చబడ్డారు. నేను కాగితాలు సర్దుకుంటుంటే మెట్ల దగ్గరికి వచ్చి నిలబడింది. దేవకృపని దూరంగా ఉండమంది. డబ్బా అడుగున ఒకోసారి చీటీలు అతుక్కుని ఉండిపోతాయి కదా, మాది ఉందేమో చూస్తారా, ఇంటి కోసం కాదు సార్, వెయిటింగ్‌లో ఎన్నో నంబరో తెలుస్తది అని అడిగింది. ఎవరి దగ్గరా ఏమీ అడగని మనిషి, ఒక చీటీ చూడమని అడుగుతోంది. ఇంక నా వల్ల కాలేదు. ఆవిణ్ణి స్టేజి పక్క గదిలోకి తీసుకెళ్ళి కూర్చోబెట్టి అంతా చెప్పేశాను. చీటీ వేయలేదని, మొదటి రోజే అనర్హులని రాశానని, సోఫా చూసి, ఫ్రిజ్ చూసి రాశానని, అవి మీవి కావని మర్నాడే తెలిసి కూడా నోరు మూసుకున్నానని.

ఆవిడ ముందు తలుపు వైపు చూసింది. "మెల్లగా సార్" అంది. అప్పుడు మొహం ఎర్రబడింది. రెండున్నరేళ్ళలో ఆవిడ సిగ్గుపడడం నేను చూడ్డం అదే మొదటిసారి. నేను చేసిన దానికి కాదు. ఆ సామాన్లు ఎరువు తెచ్చుకున్నవని నాకు తెలిసిపోయినందుకు.

నేను సంచీలోంచి తెల్లకాగితం తీశాను. ఇప్పుడైనా అర్జీ రాద్దాం, తప్పు నాదేనని కింద నేను సంతకం పెడతాను, ఏమైతే అదవుతుంది అన్నాను. ఆ క్షణానికి నిజంగానే అన్నాను. కానీ సామాన్లు ఎవరివో అందులో రాయాలి, రాస్తే వాళ్ళ మీద మళ్ళీ ఎంక్వైరీ పడుతుంది అని కూడా చెప్పాల్సి వచ్చింది. రాస్తే రోసమ్మ ఇల్లు ఉంటదా అని అడిగింది. ఉండకపోవచ్చన్నాను. మరి మాకు వస్తదా అని అడిగింది. చెప్పలేనన్నాను. బయట రోసమ్మ పిల్లలు కుర్చీల మధ్య పరుగులు పెడుతున్న చప్పుడు వినబడుతోంది.

"సామాన్లు మావే అని ఉండనీయండి సార్" అంది. "అడుక్కొచ్చి పెట్టుకున్నమని కాగితం మీదికి ఎక్కొద్దు."

అది రోసమ్మ కోసమో, తన పరువు కోసమో నాకు ఇప్పటికీ తెలియదు. బహుశా ఆవిడకి ఆ రెండూ వేరు కావు. లేచి చీర కుచ్చెళ్ళు సర్దుకుంది. గుమ్మం దగ్గర ఆగి, కోపంగా కాదు, ఎప్పుడో తప్పిన ఒక లెక్క ఇప్పుడు సరిచూసుకున్నట్టు అంది.

"అయితే హాస్టల్ గది అప్పుడు తీసుకున్నా ఏం పోయేది కాదు."

దేవకృప చెయ్యి పట్టుకుని హాలు దాటి వెళ్ళిపోయింది. తర్వాత ఎప్పుడూ ఆఫీసుకు రాలేదు. శనివారాలు వరండా బల్ల ఖాళీగా ఉండేది.

ఇక్కడ ఆపేస్తే నేను కాస్త మంచివాడిలా మిగులుతాను. కానీ ఆ రోజు జరిగింది ఇంకొంచెం ఉంది. ఆవిడ వెళ్ళాక నేను ఏడ్చానని మీరు అనుకుంటే అది పొరపాటు. రాయని ఆ తెల్లకాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుంటుంటే నా గుండెల మీంచి పెద్ద బండ దిగినట్టయింది. హమ్మయ్య అనుకున్నాను. పైకే అన్నానేమో కూడా. సిగ్గు తర్వాత వచ్చింది, నెలలు గడిచాక వచ్చింది, వచ్చి ఇప్పటిదాకా పోలేదు. అప్పుడు మాత్రం హాయిగానే ఉంది.

అంతలో రామభద్రరావు గారు గదిలోకి వచ్చి, డ్రా సవ్యంగా జరిగింది కదా, ఎవరైనా ఫిర్యాదు చేశారా అని అడిగారు.

"ఒక్కరూ చేయలేదండీ" అన్నాను.